బరువు మోసుకొచ్చేవాళ్ల కోసం ఒక పలక

మా కుట్టు మిషన్ల మెకానిక్ చాచా పోయిన సంగతి నాకు ఆయన వెబ్‌సైట్ చెప్పింది. గత నెలలో ఒక మంగళవారం ఉదయం అమ్మ మిషన్‌కి బెల్టు కావాల్సి వచ్చింది. అప్పటికే ఆఫీసులో ఉన్నాను కాబట్టి, దుకాణం తెరిచి ఉందో లేదో చూద్దామని ఫోన్‌లో ఆ పేజీ తెరిచాను. పైన ఎప్పటిలాగే పలక ఫొటో ఉంది. నల్ల పలక మీద సుద్దముక్కతో మూడు వాక్యాలు. చదవకముందే తేడా తెలిసింది. అక్షరాలు ఆయనవి కావు.

"ఈరోజు దుకాణం బంద్. పొద్దున అబ్బా చనిపోయిన్రు. మిషన్లు మోసుకొని ఎవరూ రావద్దు."

పాతికేళ్లుగా వార్తలు రాస్తున్నాను. మరణవార్తలు చాలా రాశాను, ఇతరులు రాసినవి దిద్దాను. ఇంత తక్కువ మాటల్లో ఇంత పనికొచ్చేలా రాసినది మరొకటి గుర్తు లేదు. రాసింది ఆయన కూతురు. కానీ ఆ మూడో వాక్యం మాత్రం ఆయనదే. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

సీతాఫల్‌మండిలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల వాళ్లిల్లు. దుకాణం అప్పట్లో మెయిన్ రోడ్డు మీద ఉండేది. ఒక టేబుల్, రెండు స్టూళ్లు, గోడ నిండా పాత బెల్టులు. బాగు చేసిన మిషన్‌ను దారం లేకుండా ముందు కాగితం మీద నడిపి చూసేవారు. సూది రంధ్రాలు వరుసగా పడితేనే గుడ్డ మీదకు వెళ్లేవారు. ఆ కాగితం ఎప్పుడూ మా పేపరే. నేను కనపడితే ఎత్తి చూపించేవారు.

"చూసినవా రిపోర్టరమ్మా? మీ వార్త కన్న నా కుట్టే సీదా ఉంది."

ఆయన ఇళ్లకు వెళ్లి కూడా మిషన్లు బాగు చేసేవారు. అలా తిరుమలగిరి వెళ్లిన ఒక ఎండాకాలం మధ్యాహ్నం, మల్కాజ్‌గిరి నుంచి ఒక టైలరమ్మ వచ్చింది. మిషన్ పైభాగాన్ని పాత దుప్పట్లో మూట కట్టి, ఒళ్లో పెట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. అది పది కిలోలకు తక్కువ ఉండదు. షటర్ దించి ఉంది. ఫోన్ చేస్తే చాచా ఎత్తలేదు. చేతులకు నూనె ఉన్నప్పుడు ఆయన ఫోన్ ముట్టరు. చేతులకు నూనె లేని సమయం ఆయనకు తక్కువ. ఆమె గంటన్నర మెట్టు మీద కూర్చుంది. ఆయన తిరిగొచ్చేసరికి నేనూ అక్కడే ఉన్నాను.

"ఏంది చాచా, షటర్ మీద ఒక్క ముక్క రాసిపోతే నీ సొమ్మేం పోతది? నా చేతులు చూడు జెర," అని ఆమె అరచేతులు చాపింది. మూట ముడి అచ్చు ఎర్రగా పడి ఉంది.

చాచా షటర్ ఎత్తారు. ఆ పూటే మిషన్ బాగు చేసి, ఆటో పిలిచి ఎక్కించారు. మర్నాడు షటర్‌కి పలక వేలాడింది. బయటికి వెళ్లిన ప్రతిసారీ దాని మీద ఎక్కడికి, ఎందుకు, ఎప్పటిదాకా అన్నీ రాసేవారు. తెలుగు మీడియంలో ఏడో తరగతి దాకా చదివిన గుండ్రటి అక్షరాలు. "చాయ్‌కి పోయిన. పది నిమిషాలు." "నమాజ్‌కి పోయిన. రెండున్నరకు వస్తా." ఇంకో అలవాటు కూడా అప్పుడే మొదలైంది. మూటతో ఎవరు కనపడినా, చేతిలో పని అక్కడే వదిలేసి మెట్లు దిగి, రెండు చేతులూ చాపి ముందు ఆ బరువు అందుకునేవారు. పలకరింపులన్నీ ఆ తర్వాతే. "బరువు మోసుకొచ్చినోళ్లను ఉత్తగ తిప్పి పంపొద్దు," అనేవారు.

మల్కాజ్‌గిరి టైలరమ్మ మళ్లీ వచ్చినప్పుడు పలకను మెచ్చుకుంది. "మంచిగుంది చాచా. గానీ దీన్ని చదవాల్నంటే మిషన్ మోసుకొని ఈడిదాంక రావాలె గదా!" అంది. అందరికంటే ఎక్కువ నవ్వింది చాచానే. దానికి జవాబు దొరకడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

రెండేళ్ల కిందట బిల్డింగ్ ఓనరు పాత కట్టడం కూల్చాలని ఖాళీ చేయమన్నాడు. దుకాణం రెండు సందులు వెనక్కి, వాళ్ల ఇంటి ముందు గదిలోకి మారింది. పాత గోడ మీద అతికించిన కొత్త అడ్రసు గోడతో పాటే కూలిపోయింది. గిరాకీ ఒక్కసారిగా పడిపోయింది. సందు లోపల ఉంది కాబట్టి అనుకున్నారు. ఒకరోజు ఆయన కూతురు ఫోన్‌లోని మ్యాప్ తెచ్చి మా ఇద్దరికీ చూపించింది. దుకాణం పేరు కింద ఎర్ర అక్షరాల్లో "శాశ్వతంగా మూసివేశారు" అని ఉంది. ఎవరు చెప్పారో తెలియదు. ఖాళీ జాగా చూసి ఎవరో మంచి మనసుతోనే మ్యాప్‌లో 'మూసేశారు' అని నొక్కి ఉంటారు.

చాచా కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. "నేను ఈడ బతికే ఉన్న. నా దుకాణం సచ్చిపోయిందట! నాకు సుత చెప్పలే."

"మ్యాప్ వాళ్లను సరిచేయమని అడిగిన అబ్బా. చూస్తమన్నరు," అంది కూతురు. ఆ చూడటం వారాలు పట్టింది. ఈలోగా రోజుకు ఒక మిషన్ రావడం కూడా కష్టమైంది. కూతురు ఆయన దగ్గరే పని నేర్చుకుని, చాలాకాలంగా పక్క స్టూల్ మీద పని చేస్తోంది. ఇలాగే సాగితే ఆ రెండు స్టూళ్లలో ఒకటి కాదు, రెండూ ఖాళీ అవుతాయని మా ముగ్గురికీ అర్థమైంది.

"బిల్డింగ్ ఓనర్ పొమ్మన్నడు, వచ్చిన. ఫోన్ల సుత మనం కిరాయికే ఉన్నమా ఏంది?" అన్నారు చాచా.

చిన్న వ్యాపారాలకు సొంత వెబ్‌సైట్ ఎందుకు అన్న విషయం మీద నేను రెండు మూడు వ్యాసాలు రాశాను. ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నంత స్పష్టత వాటిలో లేదు. మన సంగతి మనం చెప్పుకునే చోటు, ఎవరూ ఖాళీ చేయించలేని చోటు ఒకటి కావాలి. అంతే.

వెబ్‌సైట్‌ను కూతురే తయారు చేసింది. మొదట "నంబర్ వన్ సర్వీస్" అని పెట్టింది. చాచా తీయించేశారు. "నంబర్ ఎవడిచ్చిండు? ఏం బాగు చేస్తమో రాయి. ఏం చెయ్యమో అది సుత రాయి. లేకుంటే ఫ్యాక్టరీ మిషన్ మోసుకొని వస్తరు." నాకు అక్కడే ఆయన మీద వృత్తిపరమైన గౌరవం పెరిగింది.

తగువు వచ్చింది ఇంకో పేజీ దగ్గర. దారం ఊరికే తెగితే సూది తిరగేసి పెట్టారేమో చూడండి, కుట్టు వదులైతే కింది దారం చుట్టే బాబిన్ తీసి దుమ్ము తుడవండి అంటూ ఇంట్లోనే చేసుకునేవన్నీ ఫొటోలతో పెట్టమన్నారు చాచా.

"అబ్బా, ఇవన్నీ చెప్తే ఇగ మన దగ్గరికి ఎవరొస్తరు?"

"సూది తిరగేసుకునేదానికి ఇంత బరువు మోసుకొస్తరా బిడ్డా? జాలి లేదా నీకు?"

పేజీ పెట్టారు. సైట్ మొదట్లో పలక ఫొటో పెట్టాలన్నది కూడా ఆయన షరతే. టైప్ చేయడం మీద నమ్మకం లేదు. సుద్దముక్కతో తాను రాస్తే, కూతురు ఫొటో తీసి ఎక్కించాలి. రోజూ. చాయ్‌కి వెళ్లినా సరే. "అబ్బా, పది నిమిషాలకు ఫొటో ఎందుకు?" అని ఆ పిల్ల తల పట్టుకునేది. ఒకసారి వరంగల్‌లో పెళ్లికి వెళ్తూ "బిర్యానీ బాగుంటే లేట్ అయితది" అని రాశారు. మర్నాడు ఫోన్ చేసిన ఆడవాళ్లంతా మిషన్ సంగతి తర్వాత, ముందు బిర్యానీ ఎట్లుందని అడిగారు.

దానివల్ల వ్యాపారం ఎంత పెరిగిందో నేను లెక్క కట్టలేదు కాబట్టి చెప్పను. చూసింది చెప్తాను. కొత్త చోటు తెలియక రావడం మానేసినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. సూది తిరగేసి బాగు చేసుకున్నవాళ్లు నిజంగా మిషన్ ఆగినప్పుడు ఇక్కడికే తెచ్చారు. తిరుమలగిరి మిలిటరీ క్వార్టర్స్‌లో ఉండి బదిలీ మీద చాలా దూరం వెళ్లిపోయిన ఒక ఫౌజీ భార్య, సైట్‌లో నంబరు చూసి, తన పాత నల్ల మిషన్‌కి బాబిన్ కూర్చునే షటిల్ కావాలని అడిగింది. పార్సిల్ పంపించారు. రెండు స్టూళ్లూ మళ్లీ నిండాయి.

ఆయన నిద్రలోనే పోయారు. పెద్దగా తక్లీఫ్ పడలేదన్నారు. ఆ మంగళవారం నేను వెళ్లేసరికి సందు నిండా ఆడవాళ్లు. పలక చదివే వచ్చారు. మిషన్లు తేవద్దన్నారు కాబట్టి తేలేదు. ఎప్పుడూ మూటలతో వచ్చే వాళ్లందరినీ ఖాళీ చేతులతో చూడటం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డారు. మల్కాజ్‌గిరి టైలరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇయ్యాల సుత చెప్పే పోయిండు," అంది. ఏడుస్తున్నవాళ్లలో ఇద్దరు నవ్వారు.

తర్వాత చుట్టాల్లో ఎవరో కూతుర్ని అడిగారు, "ఇగ దుకాణం బంద్ చేస్తవా?" అని.

"బంద్ అని ఎవరన్నరు? సైట్ల చూసిన్రా?" అందామె.

పోయిన సోమవారం చూశాను. పలక మీద కొత్త అక్షరాలు: "దుకాణం తెరిచి ఉంది. రావచ్చు." బెల్టు కోసం వెళ్లాను. ఆమె మా పేపరు మీద ఒక మిషన్ నడిపి చూస్తోంది. చాచా స్టూల్ మీద డబ్బాలేమీ పెట్టలేదు. సందు మొదట్లో ఆటో ఆగింది. దుప్పటి మూటతో ఒకామె దిగుతోంది. మిషన్ చక్రం ఇంకా తిరుగుతుండగానే చాచా కూతురు లేచింది. చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగి, రెండు చేతులూ ముందుకు చాపుకుని వెళ్లింది.