ఎడమ అంచున తెగిన గీతలు

మా కంపెనీ నాచారం పారిశ్రామికవాడలో రేకుల షెడ్డు. లిఫ్టు తలుపులను తెరిచి మూసే బోర్డులు తయారుచేస్తాం. షెడ్డు వెనక చిన్న గదిలో నేనూ, నాకంటే పెద్దావిడ ఒకరూ పక్కపక్కనే కూర్చునేవాళ్లం. ఆమెను అక్కా అనేదాన్ని. మెదక్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం వాళ్లది, కాప్రాలో కూతురితో ఉంటుంది. కంప్యూటర్ మీద సర్క్యూట్ డ్రాయింగ్ గీయడం ఆమె పని. ఆ డ్రాయింగ్ నుంచి నెట్‌లిస్ట్ తీసి, బోర్డు మీద రాగి దారులు వేయడం నా పని.

నెట్‌లిస్ట్ అంటే, ఏ పార్టు కాలు ఏ పార్టు కాలితో కలవాలో వరసగా రాసి ఉండే ఫైలు. నల్లటి తెర మీద ఒక కమాండ్ కొట్టి డ్రాయింగ్ పేరు ఇస్తే రెప్పపాటులో వచ్చేస్తుంది. నొక్కడానికి బటన్లు ఉండవు, చూడడానికి అందంగా ఏమీ ఉండదు. ఉచితంగా దొరికే టూల్ కాబట్టి మా సార్ దాన్ని వదలడు. గీసింది గీసినట్టు రాస్తుంది, అంతే. గీత కాలిని తాకకుండా వెంట్రుకవాసి దూరంలో ఆగినా, కలవలేదనే రాస్తుంది. మనం ఏమనుకుని గీశామో దానికి అనవసరం.

ఆ ఎండాకాలం నాకు అలసటగానే గుర్తుంది. ఉప్పల్ నుంచి హబ్సిగూడ దాకా మెట్రో స్తంభాల పక్కన దుమ్ములో ఆటో పాకుతూ వెళ్లేది. ఆఫీసు చేరేసరికే పని దిగి ఇంటికి పోతున్నదానిలా ఉండేదాన్ని. అప్పుడు ఒక కొత్త బోర్డు తయారై వచ్చింది. బల్ల మీద పెట్టి పరీక్షిస్తే మోటారు తిరుగుతోంది, దీపాలు వెలుగుతున్నాయి, కానీ తలుపు మధ్యలో చెయ్యి పెడితే ఆగడం లేదు. సెన్సారు నుంచి లోపలికి రావలసిన తీగ అసలు కలవలేదు.

డ్రాయింగ్ తెరిచి చూశాను. గీత కాలి దగ్గరి దాకా వచ్చి ఆగిపోయింది. నెట్‌లిస్ట్ ఆ కాలు ఖాళీ అని చెప్పే ఉంది. కానీ మా డ్రాయింగుల్లో కావాలని ఖాళీగా వదిలే కాళ్లు ఎప్పుడూ బోలెడు ఉంటాయి. ఆ హెచ్చరికల గుంపులో ఇదీ ఒకటిగా కలిసిపోయింది.

సార్ గది గుమ్మంలో నిలబడి ఇద్దరినీ కలిపి తిట్టాడు. "ఇద్దరు కూసొని ఏం జేస్తున్నరమ్మా? తలుపుల మనిషి ఇర్కితే ఎవలు జవాబు చెప్పాలె?" ఆ వారమంతా ఇద్దరం బోర్డుకొక సన్న తీగ చొప్పున చేత్తో అతికించాం. టంకం పొగకు కళ్లు మండేవి, మెడ పట్టేసేది. అక్క అతికించిన వాటిలో కొన్ని మళ్లీ ఊడదీయాల్సి వచ్చింది.

తరవాతి డ్రాయింగులోనూ అదే. ఆ తరవాతి దానిలోనూ అదే. ఈసారి నేను హెచ్చరికలు ఒక్కొక్కటీ చూస్తున్నాను కాబట్టి బోర్డు దాకా పోలేదు. కానీ పని రెట్టింపయింది. ముందు టూల్‌నే అనుమానించాను. పాత వెర్షన్ వెతికి పెట్టి చూశాను, మార్పు లేదు. ఒకరోజు ఓపిక నశించి అనేశాను.

"అక్కా, జర సూసి గీయరాదే. నా తోని అయితలేదు."

"సూసే గీసిన గద చెల్లె," అంది. తెరకేసి వంగింది. "యాడుంది? మంచిగనే కలిసింది గద."

నేను వేలితో చూపించాను. తల కొంచెం తిప్పి అటు చూసింది. "అరే, గిది నేనెట్ల ఇడిసిపెట్టిన?" అంది. ఆమె ముఖంలో తప్పు దొరికిన సిగ్గు లేదు, భయం ఉంది. నాకు కోపం పోయి విసుగు మాత్రం మిగిలింది. నేనే గీత కలిపి కమాండ్ మళ్లీ కొట్టాను.

కొన్నాళ్లకు సాయంత్రం ఇద్దరం బయటికి వచ్చి నాచారం మెయిన్ రోడ్డు దాటుతున్నాం. కుడివైపు వచ్చే బండ్లను చూసుకుంటూ సగం దాకా బాగానే వచ్చింది. మధ్య గట్టు దిగి, ఎడమ నుంచి వస్తున్న ఆటోకు ఎదురుగా అడుగు వేసింది. కొంగు పట్టి వెనక్కి లాగాను. ఆటో డ్రైవర్ ఏదో అరిచి పోయాడు.

"గంత పెద్ద ఆటో కనవడలేదా అక్కా?"

"ఏ ఆటో?" అంది.

అవతలి గట్టు మీద నిలబడి ఊపిరి తీసుకుంటుంటే నాకు డ్రాయింగులు కళ్లముందుకొచ్చాయి. లోపలికి వచ్చే తీగలను మేం కాగితానికి ఎడమ పక్కన గీస్తాం, బయటికి పోయేవాటిని కుడి పక్కన. ఇన్నాళ్లూ తెగినవన్నీ లోపలికి వచ్చేవే. కుడివైపు ఒక్కటీ తప్పు లేదు.

ఒక మందుల షాపు అరుగు మీద ఆమెను కూర్చోబెట్టాను. నా ముక్కువంక చూడమని, ఆమె ఎడమవైపు చెయ్యి ఎత్తాను.

"ఎన్ని వేళ్లు?"

"ఏం వేళ్లు? చెయ్యి లేపు మరి."

చెయ్యి లేచే ఉంది. ఒక్కొక్క కన్నూ మూయించి అడిగాను. రెండిటితోనూ అంతే. ఆమెకు నా గొంతులో ఏదో వినిపించినట్టుంది. "ఏంది చెల్లె? ఏమైంది?" అని నా మోచెయ్యి పట్టుకుంది.

మర్నాడు సెలవు పెట్టి కళ్ల దవాఖానాకు తీసుకుపోయాను. కళ్లు బాగానే ఉన్నాయన్నారు. తలకు స్కానింగ్ చేయించమని వేరే చోటికి పంపారు. మెదడు వెనక భాగంలో చిన్న రక్తనాళం మూసుకుపోయిందట. చూపులో ఎడమ సగం అందువల్లే పోయిందట. పోయిన సంగతి మనిషికి తెలియకపోవడం మామూలేనన్నాడు డాక్టరు. అక్కకు అప్పుడు గుర్తొచ్చింది. ఎండలు మొదలయ్యే ముందు ఒకరోజు తల పగిలిపోయేంత నొప్పి. మాత్ర వేసుకుని ఆఫీసుకు వచ్చేసింది. బీపీ మందులు అంతకుముందే మానేసిందట.

"పోయింది ఎనుకకు రాదా సారూ?" అని అడిగింది.

"ఇంకోసారి గిట్ల కాకుండ మాత్రం సూసుకోవచ్చు," అన్నాడాయన.

ఆటోలో ఆమె ఏడవలేదు. కుడివైపు చివర కూర్చుని, తల మాటిమాటికీ ఎడమకు తిప్పి నేను ఉన్నానో లేనో చూసుకుంటూ వచ్చింది.

సార్‌కు విషయం చెప్తే, "పని ఉంటది, కూసొమ్మను. ఏదోటి జేస్తది," అన్నాడు. అక్క మాత్రం డ్రాయింగే గీస్తానంది. డ్రాయింగును తెర మీద జరిపి, ఎడమ అంచు మధ్యలోకి వచ్చేలా పెట్టుకుని గీసేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను నెట్‌లిస్ట్ తీసి పైకి చదివేదాన్ని. ఆమె కళ్లు మూసుకుని వినేది. "ఆగు, గది రిలేకు పోవాలె," అని అక్కడక్కడ ఆపేది. అలా చేసిన బోర్డుల్లో తప్పు రాలేదు. కానీ ఒక పూట పని రెండు రోజులు పట్టేది. సాయంత్రానికి ఆమె కనుబొమల మధ్య గీతలు పడేవి. నా గొంతు ఎండిపోయేది.

వానలు ముదిరాక ఒకరోజు ఆమే మౌస్ పక్కన పెట్టేసింది.

"ఇగ చాలు చెల్లె. మస్తు అలిసిపోయిన. నిన్ను గూడ తిప్పల పెడుతున్న."

కాదు, ఇంకొన్నాళ్లు ఉండమని నేను అనలేదు. అనాలని ఉంది, కానీ ఆ మాట ఎత్తే శక్తి నాలో లేదు. ఆమె అది అర్థం చేసుకున్నట్టే నవ్వింది. నెలాఖరుకు మానేసింది.

ఇప్పుడు గీసేదీ నేనే, నెట్‌లిస్ట్ తీసేదీ నేనే. నా గీతల్లో తప్పులు నాకు కనిపించవు కాబట్టి ఒంటరిగా నాలో నేనే చదువుకుంటాను. బయటి నుంచి మిషన్ల చప్పుడు వినిపిస్తుంటుంది. వీలైన ఆదివారం కాప్రా వెళ్తాను. అక్క చర్చి నుంచి వచ్చి అన్నం వండి ఉంచుతుంది. బీపీ మందులు చూపిస్తుంది, ఒక్కటీ తప్పడం లేదంటుంది. కూతురు ఆమె కంచాన్ని కాస్త కుడివైపుకు జరిపి పెడుతుంది. మొన్న వెళ్లినప్పుడు, తింటూ తింటూ అడిగింది:

"కొత్త బోర్డు ఎట్లయింది?"

"మంచిగనే అయింది అక్కా."

"లోపటికొచ్చే తీగలు?"

"అన్ని కలిసినయి."

"అయితే తిను. మొఖం సూడు ఎట్ల గుంజుకపోయిందో," అని నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.