చీజు బల్ల దగ్గర నా వడ్డన

పాశమైలారంలో మా మందుల ఫ్యాక్టరీకి బయటిదేశం నుంచి ఇద్దరు కొనుగోలుదారులు వచ్చిన్రు. మేనేజర్ సార్ వాళ్లను హైదరాబాద్‌లో పెద్ద హోటల్‌కు తీసుకుపోతూ నన్ను కూడా కారెక్కించిండు. నేను మందు పొడి తయారుచేసే గదిలో పనిచేసే మనిషిని. పదో తరగతి దాటలేదు గానీ, సంగారెడ్డి గ్రంథాలయంలో కూర్చుని ఇంగ్లిషు నేర్చుకున్న.

"జెర వాళ్లతోని మాట్లాడు. మంచిగ నడిస్తే నిన్ను కాయితాల సెక్షన్‌ల కూసోబెడ్త," అన్నడు సార్ ముందు రోజు.

పొడి వల్ల అప్పటికే నాకు దగ్గు పట్టుకుంది. ఆ కుర్చీ నాకెంత అవసరమో నా భార్యకు తెలుసు.

ఆ రోజే విందు మర్యాదల పుస్తకం వెతికి చదివిన. ఏ చేతిలో చాకు, ఏ చేతిలో ఫోర్కు, అన్నీ రాసుకున్న.

హోటల్‌లో ఒక పొడవాటి బల్ల నిండా చీజు ముక్కలు. ఇంకో బల్ల మీద ఐసు గుట్ట, దానిపైన రొయ్యలు, పీతలు, నోరు తెరిచిన ఆల్చిప్పలు. ఒక చీజుకు నీలంగా బూజు పట్టింది. అదే ఖరీదైనదని ఎప్పుడో చదివిన, అయినా చేయి ముందుకు పోలేదు. ఇంతలో బేరర్ పచ్చి మాంసం ముద్దలు పళ్లెంలో తెచ్చి, ఏది కాల్చాలో చెప్పమన్నడు. ముగ్గురూ చెప్పిన్రు. నా వంతు వచ్చేసరికి, "తర్వాత," అన్న.

మా ఇంట్లో చుట్టాలు తిన్నంకనే మేం తింటం. అందుకే వాళ్లు కూర్చున్నరు, నేను నిలబడ్డ. రెండు బల్లల మధ్య తిరుగుతూ ప్లేట్లు నింపిన. వాళ్లు చేయి అడ్డం పెట్టినా ఇంకో రెండు రొయ్యలు వేసిన. మా దిక్కు మొదటిసారి వద్దన్నది లెక్కలోకి రాదు.

వాళ్లిద్దరిలో కళ్లద్దాలాయన రొట్టె అడిగిండు, తెచ్చిచ్చిన. ఈ హోటల్‌లో ఎన్నేండ్ల నుంచి పనిచేస్తున్నవని అడిగిండు. మీరు కొనే పొడి చేసేది నేనే అన్న. ఇద్దరూ ఫోర్కులు కింద పెట్టి సార్ దిక్కు చూసిన్రు.

"కూసో," అన్నడు సార్, తెలుగులో.

"వాళ్లదయినంక తింట సార్."

"నీకు దండం పెడ్త, కూసోవయ్య."

కూర్చున్న. మాట్లాడదామని దాచుకున్న ఇంగ్లిషు ఒక్క ముక్క గుర్తు రాలేదు. వాళ్లు సార్‌తోనే మాట్లాడుకున్నరు.

తిరుగుదారిలో పటాన్‌చెరు దాటినంక సార్ నా దిక్కు తిరిగిండు. "గన్ని పుస్తకాలు సదివితివి. కుర్సీల కూసునుడు ఏ పుస్తకంల లేదా?" అన్నడు.

"ఉన్నది సార్. గని పిలిచింది మనం గద."

వారం తిరగకుండానే కాయితాల సెక్షన్‌లోకి డిగ్రీ చదివినతను వచ్చిండు. ఆ సాయంత్రం నా భార్యకు మొత్తం చెప్పిన. చేటలో బియ్యం చెరుగుతూ విన్నది.

"వాళ్లకు కడుపు నిండిందా?"

"నిండింది."

"మరి నువ్వు చేసిన తప్పేంది?"

మరునాడు పొద్దున ముక్కుకు గుడ్డ కట్టుకుని పొడి గదిలోకి పోయిన.