వైరస్ అనుకున్న ఫోల్డర్

సోమవారం పొద్దున ఇంటర్వ్యూ. బొమ్మలూ బటన్లూ లేకుండా, ఆదేశం టైప్ చేస్తే పనిచేసే ఒక చిన్న ప్రోగ్రాం పేరు చెప్పారు. ఎవరైనా ఉచితంగా తీసుకోగలిగే దాని తాజా కోడ్ దించుకుని, సొంతంగా బిల్డ్ చేసి, అంటే ఆ కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి చూపించమన్నారు. ఇంజనీరింగ్ పాసై ఏడాదిన్నర అయింది. హైదరాబాద్ నిండా ఉద్యోగాలేనట, నా దాకా ఒక్కటీ రాలేదు. ఇదీ తప్పితే యాచారం బడిలో టీచరుగా చేరతానని ఇంట్లో మాటిచ్చేశాను.

ఇంట్లో నెట్ లేదు. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గరి నెట్ సెంటర్లో ఆ కోడ్ దిగేసరికి శనివారం సాయంత్రమైంది. సెంటర్ నడిపే అన్న పెన్‌డ్రైవ్ ఇచ్చే ముందు, ఎప్పటిలాగే, కనిపించకుండా ఉన్న ఫోల్డర్లు వెతికాడు. ఆ రోజుల్లో వైరస్‌లన్నీ అక్కడే నక్కేవి.

“చెల్లె, గిండ్ల ఒకటి దాక్కున్నది. తీసేసిన. ఇగ ఫికర్ లేదు” అన్నాడు.

థాంక్స్ కూడా చెప్పాను, తెలివితక్కువదాన్ని!

ఇంట్లో బిల్డ్ మొదలుపెడితే రెండు నిమిషాల్లో ఆగిపోయింది. చరిత్ర దొరకడం లేదట, ఏ వెర్షనో తెలియడం లేదట. తెర మీది ఆ మాటలు మూడోసారి చదివితే గానీ బుర్రకెక్కలేదు. అన్న తీసేసింది వైరస్ కాదు. ఆ కోడ్‌లో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో మొత్తం ఉండేది ఆ ఫోల్డర్‌లోనే.

ఆదివారం షట్టర్ లేవకముందే వెళ్లి నిలబడ్డాను.

“నువ్వు తీసేసింది వైరస్ కాదన్నా, నా నౌకరి!”

అతని ముఖం చిన్నబోయింది. “నాకేమెరుక చెల్లె? గట్ల దాక్కున్నదంటే వైరసే అనుకున్న. కూసో, మల్లా దించుదాం.”

దిగాక, అసలు అందులో ఏముందోనని ఆ చరిత్ర తెరిచాను. అన్న కూడా కుర్చీ లాక్కున్నాడు. అబ్బ! పద్నాలుగేళ్ల పని, ఒక్కో మార్పూ దాన్ని చేసిన మనిషి పేరుతో సహా. ఎవరో ఒక్క అక్షరం దిద్దారు. ఎవరో తన తప్పుకు క్షమాపణ రాసుకున్నారు. ఒకాయన పాప పుట్టిందని, రెండు నెలలు రానని రాసి, సరిగ్గా రెండు నెలలకు మళ్లీ వచ్చాడు. ఏ దేశాల వాళ్లో, ఒకరి ముఖం ఒకరు చూశారో లేదో!

“గింతమంది చేసిందా నేను తీసేసింది?” అన్నాడు అన్న మెల్లగా.

అతని మీద కోపం అక్కడే పోయింది. ఇద్దరం కలిసి బిల్డ్ సూచనల్లో చేర్చమని ఒక వాక్యం రాసి, నా పేరుతో ఆ ప్రోగ్రాం చేసేవాళ్లకు పంపాం: దాగి ఉన్న ఫోల్డర్ తీసేయకండి, అది వైరస్ కాదు. ఇంటికొచ్చి బిల్డ్ చేస్తే ఈసారి ఎక్కడా ఆగలేదు.

సోమవారం ఇంటర్వ్యూ చేసే సారు నా ప్రోగ్రాం నడిపి చూశారు. తర్వాత పోల్చి చూడటానికి ఆ కోడ్‌ను తనూ అప్పటికప్పుడు దించుకున్నారు. చరిత్ర తెరిచి, అన్నిటికంటే కొత్త మార్పు పక్కన, అందరికంటే పైనున్న పేరు చూసి ఆగారు. తెర నా వైపు తిప్పారు.

“ఇది మీరేనా?”

రాత్రికి రాత్రే వాళ్లలో ఎవరో మా వాక్యాన్ని కోడ్‌లో చేర్చేశారు! ఇంటర్వ్యూ కోసం బట్టీ పట్టిన ఇంగ్లీషు ఒక్క ముక్క గుర్తు రాలేదు. కళ్లు తుడుచుకుంటూ అన్నాను.

“అవ్ సార్. నేనూ, మా నెట్ సెంటర్ అన్నా.”