ముందు లేచినదే సున్నా

బజారు చివర కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని అందరూ "రెండుసార్లాయన" అంటారు. షాపు తాళం రెండుసార్లు లాగి చూస్తాడు, స్క్రూను రెండుసార్లు బిగిస్తాడు, మనుషులు చెప్పిన మాట కూడా రెండోసారి చెప్పించుకుంటాడు. "ఇలాగైతే అన్నం తిన్నావో లేదో కూడా నన్నే అడుగుతావు" అని భార్య ఎగతాళి చేస్తుంది. అయితేనేం, ఇరవై ఏళ్ళలో ఎవరి ఫైలూ పోగొట్టలేదు. అటువంటివాడు ఒక మధ్యాహ్నం సరిచూడకుండా ముందుకెళ్ళాడు. అదీ సొంత అక్క డిస్కు దగ్గర.

అక్క చూపులేని పిల్లల బడిలో టీచరు. పన్నెండేళ్ళపాటు పాఠాలు చదివి, తమ్ముడి సాయంతో రికార్డు చేసింది. ఆర్నెల్ల కిందట గొంతుకు ఆపరేషనై మాట పోయింది. బడికిచ్చిన సీడీలు ఎప్పుడో గీతలుపడి పాడయ్యాయి. ఇక ఆవిడ గొంతు మిగిలింది ఒక్క పాత హార్డ్ డిస్కులోనే. అది కూడా టకటకమంటూ నేడో రేపో అన్నట్టుంది. కొత్త డిస్కు కొనితెచ్చి, పలక ఒళ్ళో పెట్టుకుని, తమ్ముడి బల్లకు ఎదురుగా కూర్చుంది.

ఆయన రెండు డిస్కులూ తగిలించాడు. పాతది సున్నా, కొత్తది ఒకటి అని తెరమీద కనిపించింది. రెండుసార్లు సరిచూసుకున్నాడు. ఇంతలో కరెంటు పోయింది. వచ్చాక కంప్యూటరు మళ్ళీ మొదలైంది. ఇందాక చూశాం కదా అనుకుని, సున్నాలో ఉన్నది ఒకటిలోకి రాయమని చెప్పి కుర్చీలో వెనక్కి వాలాడు.

డిస్కులకు కంప్యూటరు ఇచ్చే నంబర్లు ఇంటి నంబర్లలా పాతుకుపోయినవి కావు. బస్సులో ముందు ఎక్కినవాడిదే ముందు సీటు. ముసలి డిస్కు ఈసారి ఆలస్యంగా లేచింది, కొత్తది సున్నా అయి కూర్చుంది.

పని రెండు శాతం దాటాక ఎందుకో మనసు కీడు శంకించింది. పాత డిస్కు మీద అంటించిన కాగితంలోని, ఎప్పటికీ మారని సీరియల్ నంబరును తెరమీద సున్నా పక్కనున్న దానితో పోల్చాడు. కలవలేదు. ఖాళీ డిస్కును తీసుకెళ్ళి అక్క గొంతు మీద రాస్తున్నాడు. కేబుల్ పీకేశాడు.

డిస్కే చచ్చిపోయిందని చెప్పవచ్చు. ఆ టకటకలు విన్నవాళ్ళెవరూ కాదనరు. ఆయన నిజంగానే ఆ మాట అనబోయాడు. కానీ అక్క ఆయన ముఖమే చూస్తోంది. పుట్టినప్పటినుంచీ ఆ ముఖాన్ని చదివిన మనిషి.

"అక్కా, తప్పు చేశాను. ఇటుది అటు రాయాల్సింది, అటుది ఇటు రాశాను. కొంత పోయింది."

అక్క పలక మీద రాసింది: "ఎంత?"

"తెలీదక్కా. ఫైళ్ళ పేర్ల పట్టిక మొదట్లోనే ఉంటుంది, అదైతే పోయింది. మిగతాది ఏరుకోవాలి. దొరికినా పేర్లుండవు, వట్టి నంబర్లే."

అక్క పలక తుడిచి ఒళ్ళో బోర్లించింది.

ఈసారి నంబర్లను నమ్మకుండా, సీరియల్ చూసి, మిగిలినదంతా కొత్తదాంట్లోకి ఎత్తాడు. సాయంత్రం దాకా పట్టింది. డిస్కు టక్కుమన్నప్పుడల్లా ఆయన తెరవైపు వంగి చూసేవాడు. అక్క కుర్చీలోంచి లేవలేదు, మంచినీళ్ళు కూడా వద్దని చెయ్యి ఊపింది.

చివరికి తెరమీద నంబర్ల వరుస వచ్చింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మొదటిది నొక్కాడు. వట్టి గరగర. రెండోదీ అంతే. మూడోదాంట్లో గరగర కూడా లేదు. అక్క కళ్ళు మూసుకుంది. ఆయనకు నాలుగోది నొక్కడానికి వేలు రాలేదు. అక్కే చెయ్యి చాపి నొక్కింది.

"ఒరేయ్, ఇది రికార్డవుతోందా?" స్పీకర్లోంచి అక్క గొంతు.

ఎదురుగా కూర్చున్న అక్క అవునని తలూపింది.