కోదాడ ప్రసూతి వార్డు మీద బోర్లించిన కుండలు

మా నాయిన మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. వడ్లు ఉడకబెట్టడానికి కావలసిన ఆవిరి అందులోనే తయారయ్యేది. మిల్లు వెనక పనివాళ్ల కోసం కట్టిన రేకుల గదుల్లో ఒకటి మా ఇల్లు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇంట్లో కంటే బాయిలర్ షెడ్డులోనే నయమని అమ్మ అంటుండేది. ఎగతాళికి అన్న మాట కాదది. షెడ్డు ఎత్తుగా ఉండేది, నాలుగు వైపులా గాలి ఆడేది. మా గది కప్పు మాత్రం నాయిన చెయ్యెత్తితే అందేది.

ఆయన ఆవిరి గొట్టాలకు తాడు చుట్టి, దాని మీద మట్టీ ఊక బూడిదా కలిపి మెత్తేవాడు. ఎందుకని ఒకరోజు అడిగాను. అప్పుడు నాకు పదకొండేళ్లుంటాయి.

"లోపలి వేడి బయటికి పోకుండ, బిడ్డా."

"మరి బయటి వేడి మన ఇంట్లకు రాకుండ గిట్లనే ఎందుకు చెయ్యవు నాయినా?"

ఆయన ఆ ఆదివారం రేకుల కింద వెదురు తడికలు కట్టి, గోనె సంచుల్లో ఊక నింపి వాటి మీద పరిచాడు. ఆ మధ్యాహ్నం మా అమ్మ గదిలో పడుకుని నిద్రపోయింది. ఎండాకాలంలో ఆమె పగటిపూట నిద్రపోవడం నేను చూడటం అదే మొదటిసారి. రెండు నెలలకు సంచుల్లో ఎలుకలు చేరాయి. అమ్మ అన్నీ తీసేయించింది. ఎలుకలు రాకుండా చేసే ఉపాయం ఏదో ఉండే ఉంటుందని మాత్రం నాకు గట్టిగా అనిపించింది.

సివిల్ డిప్లొమాలో చేరడానికి ఆ రెండు నెలలే కారణమని ఇప్పుడు అనుకుంటాను. చదువు అయిపోయాక, ఎనభైల చివర్లో, సూర్యాపేట బస్టాండు దగ్గర ఇండ్ల ప్లాన్లు గీసే ఒకాయన ఆఫీసులో చేరాను. వచ్చినవాళ్లందరికీ ఒకటే కావాలి: రోడ్డువైపు అందమైన ముఖం, పైన స్లాబు. స్థలానికి పడమర ఎటు ఉందో అడిగితే వింతగా చూసేవాళ్లు. మా ఆఫీసాయన కూడా ఒకసారి చెప్పాడు.

"పొద్దు యాడ గుంకితె మనకెందుకమ్మా? మునిసిపాలిటీల ప్లాన్ పాసయితె సాలు."

చాలదని నాకు తెలుసు. కొత్తగా వచ్చిన ఆడపిల్లను కాబట్టి ఊరుకున్నాను.

అలాంటి రోజుల్లో కోదాడ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. పాత ఇంట్లో కాన్పుల ఆసుపత్రి నడుపుతున్న మనిషి. పెరట్లో ఎనిమిది మంచాల వార్డు కట్టాలనుకుంటోంది. మా ఆఫీసాయన గీతలు చూపిస్తుంటే మధ్యలో ఆపింది.

"ఇదంతా సరేనండీ. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం పూట కరెంటు ఉండదు. ఫ్యాను ఆగిపోతే పసిగుడ్ల ఒళ్లు కాలిపోతుంది, తడిగుడ్డలు వేసుకుంటూ కూర్చుంటున్నాం. కరెంటుతో పని లేకుండా చల్లగా ఉండే గది కావాలి నాకు. కట్టగలరా?"

మా ఆఫీసాయన నవ్వాడు. నేను పక్క బల్ల దగ్గర నుంచి "కట్టొచ్చమ్మా" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మరుసటి వారం బస్సెక్కి కోదాడ వెళ్లాను. పెరట్లో ఉదయం నుంచి సాయంత్రం దాకా ఉండి నీడ ఎటు పోతోందో సున్నంతో గుర్తులు పెట్టుకున్నాను. వార్డు పొడుగు గోడలు ఉత్తరానికీ దక్షిణానికీ ఉండేలా తిప్పాను. ఎండ దంచే పడమటి కొసకు సామాన్ల గదినీ స్నానాల గదులనూ నెట్టేశాను. కిటికీలు ఎదురెదురుగా, వేడిగాలి పోవడానికి కప్పు కిందుగా సందులు. గోడలకు ఇటుకలను పడుకోబెట్టకుండా పక్కమీద నిలబెట్టి, రెండు వరసల నడుమ ఖాళీ వదలాలి. ఆ ఖాళీలో నిలిచే గాలి వేడిని ఆపుతుంది. ఇటుకలూ తక్కువ పడతాయి. ఈ పద్ధతిని కాలేజీలో మా సారు ఒక్కసారే బోర్డు మీద గీసి చూపించాడు. స్లాబు మీద మట్టికుండలు ఒకదానికొకటి ఆనేలా బోర్లించి, నడుమ సందులను సున్నం, ఊక బూడిద కలిపి పూడ్చాలి. కుండల్లోనూ గాలే. అక్కడికి ఎలుక చేరలేదు.

డాక్టరమ్మ కాగితం చూసి ఒక్కటే అడిగింది. "ఇంతకుముందు కట్టావా?"

"లేదమ్మా."

డాక్టరమ్మ కలం తీసింది. "నేను మొదటి కాన్పు చేసిన రోజు నన్నూ ఇలాగే అడిగారు" అని సంతకం పెట్టింది.

కట్టడానికి సూర్యాపేట నుంచి ఒక పెద్దమేస్త్రీ వచ్చాడు. అరవై దాటినవాడు. నా గీత చూసి తాపీ కింద పెట్టాడు.

"బోలు గోడ మీద స్లాబెట్ల నిలవడతది బిడ్డా? కూలితె బాలింతల మీద పడతది. ఆ పాపం నాకొద్దు."

ఆయన భయంలో న్యాయం ఉంది. వాదించకుండా, పెరటి మూలలో నడుమెత్తు గోడ ఒకటి కట్టమన్నాను. పక్కనే అంత మందాన మామూలు గోడ. మూడు వారాలు రెంటికీ నీళ్లు పెట్టించాను. తరవాత బోలు గోడ మీద మొద్దులు అడ్డంగా వేసి, దొరికిన సిమెంటు బస్తాలన్నీ ఎక్కించాం. ఆయన కింద కూర్చుని, వరస వరసనా గోరుతో తడుముతూ పగులు కోసం వెతికాడు. మరుసటి రోజూ వెతికాడు. ఎక్కడా లేదు.

"నిలవడ్డది" అన్నాడు. "సల్లగుంటదని ఏం నమ్మకం?"

ఎండ వాలాక రెండు గోడల వెనకా చెయ్యి పెట్టి చూడమన్నాను. మామూలు గోడ మీద నుంచి చెయ్యి వెంటనే తీశాడు. బోలు గోడ మీద పెట్టిన చెయ్యి అలాగే ఉంచి, నావైపు చూడకుండా, "పునాది దారం ఎప్పుడు పట్టాలె?" అన్నాడు.

కుండల కోసం సూర్యాపేట పక్కన కుమ్మరోళ్ల వాడకు వెళ్తే ఒక పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"గిన్ని కుండలెందుకమ్మా? పెండ్లా?"

"ఇంటి మీద బోర్లించడానికవ్వా."

"నీళ్లు పోసుకునే కుండను బోర్లేస్తవా" అని ఆమె చాలాసేపు నవ్వింది. కానీ అన్నీ ఒకే సైజులో చేసిచ్చింది. వాటిని గడ్డిలో పొదిగి లారీ మీద కోదాడ చేర్చాం. మిర్యాలగూడ నుంచి నాయిన బూడిద బస్తాలతో వచ్చాడు. పెద్దమేస్త్రీకి ఆ బూడిద నచ్చలేదు. "సున్నం ఎక్కువెయ్యి, తొందరపడకు" అన్నాడు. ఆసుపత్రి లెక్కలు చూసే డాక్టరమ్మ అన్నయ్య ప్రారంభానికి ముహూర్తం పెట్టించేశాడు. రోజులు తక్కువున్నాయి. నేను తొందరపడ్డాను. బూడిద పాలు పెంచి, త్వరగా ఆరాలని, నీళ్లు సరిగా పెట్టించకుండానే పైపూత ముగించాను.

జూన్‌లో మొదటి వాన పడింది. మరుసటి రోజు కబురొచ్చింది. వెళ్లేసరికి వార్డులో రెండు మంచాలు పక్కకు జరిపి ఉన్నాయి. కప్పు నుంచి చుక్కలు పడుతున్నాయి. డాక్టరమ్మ అన్నయ్య నన్ను గుమ్మంలోనే నిలబెట్టి కోప్పడ్డాడు.

"కుండలూ బూడిదా అంటే అప్పుడే చెప్పాను వద్దని. రేపు మనుషుల్ని పెట్టి అన్నీ పగలగొట్టించేస్తాను. మామూలు సిమెంటు వేస్తే పోతుంది."

నాకు ఏడుపొచ్చింది, కానీ అక్కడ ఏడవలేదు. "ఒక్కసారి పైకెక్కి చూసొస్తానండీ" అని నిచ్చెనెక్కాను. పైపూత నిండా జుట్టంత సన్నని పగుళ్లు. పిట్టగోడ పక్కన నీళ్లు నిలిచి ఉన్నాయి. వాలు సరిపోలేదు. తట్టి చూస్తే, కింది కుండలన్నీ మాత్రం చెక్కు చెదరకుండా ఉన్నాయి. దిగొచ్చి డాక్టరమ్మతో ఉన్నదున్నట్టు చెప్పాను.

"పద్ధతి తప్పు కాదమ్మా, నేను చేసిన పని తప్పు. తొందరపడ్డాను. పైపూత తీసేసి మళ్లీ వేయిస్తాను. కుండలు తియ్యనివ్వకండి."

ఆమె అన్నయ్య వైపు చూసి, "వారం రోజులు ఆగుదాం" అంది.

నేను సూర్యాపేటలో పెద్దమేస్త్రీ ఇంటికి వెళ్లాను. నీ మాట వినలేదు, తప్పైంది, ఇప్పుడేం చెయ్యాలో చెప్పమన్నాను. ఆయన దెప్పలేదు. చిన్నప్పుడు తన తండ్రితో పాత దొరల గడీల మిద్దెలకు పనిచేసిన సంగతి చెప్పాడు. గానుగలో తిప్పిన సున్నం, నానబెట్టిన కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు. కలిపినదాన్ని పరిచి కర్ర బద్దెలతో రోజుల తరబడి కొట్టాలి.

"ఎన్ని రోజులు కొట్టాలె మేస్త్రీ?"

"బద్దె ఎగిరి నీ సేతిల పడేదాక. రోజులు లెక్కవెట్టకు."

ఆయనే నలుగురు ఆడకూలీలను వెంటబెట్టుకుని కోదాడ వచ్చాడు. పగుళ్లు పడిన పూతను కుండలకు దెబ్బ తగలకుండా అంగుళం అంగుళం ఊడదీశాం. పిట్టగోడ నుంచి తూము దాకా వాలు కొత్తగా తీశాం. ఆ ఆడవాళ్లు గొంతుకూర్చుని వరసగా జరుగుతూ కొట్టారు. నేనూ ఒక బద్దె పట్టాను. రెండో రోజుకే అరచేతులు బొబ్బలెక్కాయి. వాన వచ్చినప్పుడల్లా తాటిపత్రీలు కప్పి, వెలిసాక మళ్లీ కొట్టేవాళ్లం. కింద బాలింతలకు చప్పుడు ఇబ్బందని మధ్యాహ్నం రెండు గంటలు ఆపమంది డాక్టరమ్మ. ఆపాం. ఆమె అడిగిన వారం దాటిపోయింది. ఎవరూ గుర్తు చెయ్యలేదు. చివరికి ఒక ఉదయం గట్టిపడి మెరుస్తున్న పూత మీద దెబ్బ వేస్తే బద్దె ఎగిరింది. ఆ పైన వరిగడ్డి పరిచి, నెలరోజులు తడిగా ఉంచాం. ఈసారి నీళ్లు పెట్టారో లేదో చూడటానికి బస్సులో నేనే రోజు విడిచి రోజు తిరిగాను.

ఆగస్టులో జడివాన మూడు రోజులు కురిసింది. నాలుగో రోజు డాక్టరమ్మ అన్నయ్య ఆఫీసుకు ఫోన్ చేశాడు. "చుక్క కూడా దిగలేదు" అని పెట్టేశాడు. నాకు అది చాలు.

మరుసటి మే నెలలో ఒక మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లాను. కరెంటు లేదు. పాత ఇంట్లో రోగులను చూసే గది ఖాళీగా ఉంది. డాక్టరమ్మ తన బల్లనే తెచ్చి వార్డు గుమ్మం లోపల వేసుకుని చీటీలు రాస్తోంది. మంచాలన్నీ నిండి ఉన్నాయి. పెద్దవూర నుంచి కూతురి కాన్పుకు వచ్చిన ఒక తల్లి నేల మీద చీర పరుచుకుని, కాళ్లు చాపి కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో పసిబిడ్డ నిద్రపోతోంది. తడిగుడ్డ లేదు.

"ఇయ్యాల ఇంటికి పొమ్మన్నరు" అని ఆమె నాతో అంది. నేను ఎవరో ఆమెకు తెలియదు. "ఇంకో రెండ్రోజులుంటమని జర నువ్వన్న చెప్పు డాక్టరమ్మకు. మా ఇల్లు మండుతది."

డాక్టరమ్మ తలెత్తకుండానే, "చెప్పక్కర్లేదులే, ఉండండి" అంది.

ఆ పని చూసి జనం నా దగ్గరికి బారులు తీరారని రాస్తే అబద్ధమవుతుంది. తరవాతి ఐదారేళ్లలో అలాంటి గోడలతో నేను కట్టించగలిగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సూర్యాపేటలో ఒకాయన అంతా ఒప్పుకుని, బంధువులు నవ్వారని సగంలో మామూలు గోడకు మారాడు. ఇంకొకాయన మేడ మీద మేడ వేయడానికి కుండలన్నీ తీయించాడు. ఆ రోజు అటువైపు వెళ్లలేకపోయాను. ఈలోగా ఊళ్లోకి కూలర్లు వచ్చాయి. కూలరుండగా గోడతో పనేంటని అడిగేవాళ్లు. కరెంటు పోయినప్పుడు ఏం చేస్తారని నేను తిరిగి అడిగేదాన్ని. కొందరు ఆలోచించేవాళ్లు. ఆలోచించినవాళ్ల వెంట మాత్రం వదలకుండా పడేదాన్ని.

తొంభైల మధ్యలో పాత ఆఫీసు వదిలేసి, సూర్యాపేటలోనే ఒక గది కిరాయికి తీసుకుని సొంతంగా బోర్డు పెట్టుకున్నాను. మొదటి వారం ఎవరూ రాలేదు. రెండో వారం నిడమనూరు నుంచి ఒక రైతు వచ్చాడు. భార్య ఆ కోదాడ వార్డులోనే ప్రసవించిందట. ఇల్లు కడదామనుకుంటున్నాడు, అలాంటి గోడలే కావాలంటున్నాడు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, "ప్లాన్ నేనే గీసుకొచ్చిన, సూడు మేడం" అన్నాడు.

చూశాను. పడక గది పడమటి వైపు పెట్టుకున్నాడు. స్థలం చూడందే గీత గీయనని చెప్పి, గదికి తాళం వేసి, టేపూ సున్నపు డబ్బా సంచిలో పెట్టుకున్నాను. నిడమనూరు బస్సు ఎన్ని గంటలకని ఆయన్ని అడిగాను.