పెద్దల పండుగ రొట్టె

రోమ్‌లో మా వీధి చాకలి మస్కెల్లియోని పాదాలు చూసి గుర్తుపట్టవచ్చు. నలభై ఏళ్లుగా మురికి వదలడానికి ఉచ్చ నింపిన తొట్లలో నిలబడి బట్టలు తొక్కడంతో అవి సున్నంలా పాలిపోయాయి. భోజనానికి కూర్చుంటే మొదటి ముక్క ఇంటిదేవతల పేర పొయ్యిలో వేయనిదే నోట పెట్టడు. కూతురు ట్రిఫేనా క్రీస్తు మతంలో కలిశాక ఆమె వాటా ముక్క కూడా తనే వేసేవాడు. “నువ్వు మానేస్తే మానేయవే, దేవతలు ఊరుకోవద్దూ?” అనేవాడు. నిరుడు ఆమె జ్వరంతో పోయింది. కోరుకున్నట్టే ఆమె మతంవాళ్లు ఊరి బయట నేలమాళిగ గోడలో తొలిచిన అరలో పడుకోబెట్టి పెంకులతో మూసేశారు. ఈ ఫిబ్రవరిలో పెద్దల పండుగనాడు మస్కెల్లియో ద్రాక్షారసం, అందులో నానిన రొట్టె పట్టుకుని అక్కడికి వెళ్లాడు. మా సమాధులకు ఉన్నట్టు లోపలున్నవాళ్లకి ద్రాక్షారసం పోసే గొట్టం ఉంటుందని ఆ పెంకులన్నీ తడిమాడు. దొరకలేదు.

“మా వాళ్లకి ఆకలుండదు పెద్దాయనా,” అన్నాడు సమాధులు తవ్వే ఉర్బికుస్. “నిద్రపోతున్నారంతే. ప్రభువొచ్చి లేపుతాడు.”

“లేపుతాడా? నిజంగానే?”

“నిజంగానే.”

మస్కెల్లియో రొట్టెను గుడ్డలో మూటకట్టి గోడవారగా పెట్టాడు.

“అయితే ఇది ఇక్కడే ఉండనీ నాయనా. మా పిల్లకి నిద్ర లేవగానే ఆకలేస్తుంది.”