ఎర్రగుడ్డ కట్టినా రాని మనిషి

కరోనా మాస్కులు గూళ్లలోకి చేరిన ఏడాది, సోలాపూర్ దాజీ పేట్‌లో ఒక అరుదైన చర్మరోగాన్ని నేను కనిపెట్టాను. అదీ డాక్టరమ్మ కంటే ముందు. ఈ సంగతి ఎన్నో పెళ్లి పంక్తుల్లో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కాస్త పెరిగింది.

ఆ పేటలో చర్మవ్యాధుల దవాఖానాలో నేను కాంపౌండర్‌ని. మందులివ్వడం, కట్లు కట్టడం, మరాఠీ డాక్టరమ్మ మాటను తెలుగు నేతవాళ్లకు చేరవేయడం నా పని.

అంబుబాయి అద్దకం కార్ఖానాలో పనిచేసేది. రంగు వేసిన నూలు చిలపలను, అంటే నూలు చుట్టలను, మేడ మీద దండేలకు వేసి, ఒకవైపే ఆరి చారలు పడకుండా మధ్యాహ్నమంతా తిప్పుతూ ఉండాలి. ముప్పై దాటేసరికి ఆమె మొహమంతా నల్ల నువ్వులు చల్లినట్టు మచ్చలు, ముక్కు మీద మానని పుండు. బయాప్సీ, అంటే చిన్న ముక్క కోసి పరీక్షకు పంపడం, చేస్తే క్యాన్సర్ అని తేలింది. తీసేశారు. కొన్నాళ్లకు చెంప మీద ఇంకొకటి లేచింది.

ఈసారి వెంట చెల్లెలు సునీతను తెచ్చింది. ఆ పిల్ల మొహం మీదా అవే మచ్చలు, ఇంకా లేతగా. వచ్చే వారం ఆమె కూడా మేడమీది పనికి చేరబోతోంది.

“ఎండ అందరి మీద పడ్తది గద కాకా, నన్నే ఎందుకు తింటది?” అంది అంబుబాయి. “నా సంగతి పోనీ. దీన్ని మేడ ఎక్కనియ్యాల్నా వద్దా, అది చెప్పు.”

మీ అమ్మానాన్నలది మేనరికమా అని అడిగాను. తల్లి సొంత మేనమామనే చేసుకుందట. అంత దగ్గరి సంబంధమైతే ఒకే లోపం ఇద్దరి వైపు నుంచీ పిల్లలకు రావచ్చు. కనిపెట్టానని నేను చెప్పుకునేది ఈ ఒక్క ప్రశ్న బలం మీదే.

ఇద్దరి రక్తం దూరపు ల్యాబ్‌కు వెళ్లింది. ఇద్దరికీ ఒక ఎంజైమ్ లేదని వచ్చింది. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. దాన్ని నేను మగ్గం భాషలోకి మార్చాను.

కణం రెండయ్యే ముందు తనలోని డి.ఎన్.ఏ. రాతకు నకలు తీసుకోవాలి. తీసేది పాలిమరేజ్ అనే ఎంజైమ్. ఎండ ఆ రాతలో పక్కపక్క అక్షరాలను అతికించేస్తుంది. అందరికీ అంతే. అక్కడికి రాగానే మామూలు పాలిమరేజ్ ఆగిపోతుంది.

“మీ నాయన కార్డులు కొట్టేటోడు గద,” అన్నాను. జకార్డ్ మగ్గానికి చద్దరు మీద పువ్వు ఎక్కడ లేవాలో చెప్పే చిల్లుల అట్టలవి. “నకలు కొట్టేటప్పుడు పాత కార్డు చిరిగి ఉంటే ఏం చేస్తుండె?”

“మిషిన్‌కు ఎర్రగుడ్డ కట్టి ఆగుతుండె. చిరుగులు చదివే ముసలాయన ఒకడుండె. ఆయనొచ్చి ఆ ఒక్క కార్డు కొట్టి పోతుండె. మల్ల మా నాయన కూసుంటుండె.”

కణంలోనూ అదే జరుగుతుంది. పాలిమరేజ్ జారిపోకుండా పట్టి ఉంచే ఉంగరంలాంటి ప్రొటీన్‌కు ఒక గుర్తు తగులుతుంది. ఆ ఎర్రగుడ్డ చూసి పాలిమరేజ్ ఈటా అనే వేరే ఎంజైమ్ వస్తుంది. మంచి రాత ఇస్తే తప్పులు కొట్టే రకమది. ఎండ అతికించిన చోట మాత్రం సరిగ్గా రాసి తప్పుకుంటుంది. పాత చిరుగు చిరుగుగానే ఉంటుంది. దాన్ని కుట్టేవాళ్లు వేరు. ఈ అక్కాచెల్లెళ్లకు ఎర్రగుడ్డ కట్టుకుంటుంది, ముసలాయనే రాడు. బదులు వచ్చినవాళ్లు తోచింది కొడతారు. ఆ తప్పులు పోగై పుండ్లవుతాయి.

అంబుబాయి చెల్లెలి ఓణీ లాగి ఆ పిల్ల మొహం కప్పింది. “అయితే ఇది మేడ ఎక్కది,” అంది. ఇద్దరూ నీడపట్టున కండెలు చుట్టే పనిలోకి మారారు.

ఇక నిజం చెప్పాలి. మేనరికం సంగతి అడగమన్నది డాక్టరమ్మే. నా అనుమానమంతా రంగు మందు మీదే. నేను కనిపెట్టింది ఎర్రగుడ్డ పోలిక ఒక్కటే, అందులోనూ గుడ్డ అంబుబాయిది.

ఈ కేసు నేర్పింది మాత్రం గట్టిది. ఎండలో నడిచిన ప్రతిరోజూ, అప్పటికి నాకు పేరైనా తెలియని ఒకడు లోపల నన్ను చిరుగు దాటించాడు. అలా అక్కాచెల్లెళ్లిద్దరికీ బాగైంది అని ఈ సంగతంతా కాగితం మీద రాసి ముగించి, కట్టు మార్పించుకోవడానికి వచ్చిన అంబుబాయికి చదివి వినిపించాను.

“బాగైందని రాయకు కాకా,” అంది. “ఈ కట్టు దేనిది మరి? కంటి పక్కన మొన్ననే ఇంకోటి తీసిండ్రు. చెల్లెకైతే ఇంకా రాలే. రాలేదని రాయి. రాదని రాయకు.”